కుండని తిట్టని పిల్ల

రెండు ఇంటర్వ్యూలు పోయాక, మూడోదానికి అమలాపురంలో బస్సెక్కేను. బయోడేటాలో తొమ్మిది కంప్యూటర్ భాషలు రాసేను. వాటిలో రెండు నాకు వచ్చు కూడా.

పక్కసీటావిడ ఆత్రేయపురంలో పదిమంది అమ్మాయిల్ని పనికి పెట్టుకుని పూతరేకులు చేయిస్తారట.

"పనిలోకి ఎలా తీసుకుంటారండీ?" ఆశగా అడిగేను.

"బోర్లించిన వేడి కుండ మీంచి తీసే మొదటి రేకు ఎవరికైనా చిరుగుద్దండీ. కుండని తిట్టే పిల్లని పంపేస్తాను. పిండి పలచనైందా, మంటెక్కువైందా అని చూసుకునే పిల్లని ఉంచేసుకుంటాను. ఆయ్."

మర్నాడు ఇంటర్వ్యూలో నా ప్రోగ్రాం ఆగిపోయింది. 'కంప్యూటర్ పాతదండీ' అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "నా తప్పెక్కడుందో చూస్తానండీ" అన్నాను. అరగంట పట్టింది. వాళ్లు ఓపిగ్గా కూర్చున్నారు. ఉద్యోగం ఇచ్చేరు.

ఇప్పుడు బల్లకి అవతలివైపు నేనే. ప్రోగ్రాం ఆగినప్పుడు ఎవరు కుండని తిడతారా అని చూస్తూంటాను. తిట్టనివాళ్లు బాగానే దొరుకుతున్నారు.