సైకిల్ ట్యూబు ముక్క

మా పెరట్లో కోతులు జామకాయలను సగం కొరికి పారేస్తున్నాయి. పూర్తిగా తినవు, చెట్టునా ఉండనివ్వవు. తిట్టబోయి ఊరుకుంటాను. ఒక నిజాన్ని నేనూ ఏళ్లుగా అలాగే సగం కొరికి దాచుకున్నాను. బరువు మాత్రం పూర్తిగా ఉంది. మీకు చెబుతాను.

మా బావది పాత పెట్రోలు కారు. కొత్తగూడెంలో మెకానిక్ ఖాజా భాయ్ దానికి కొత్త పెట్రోలు పైపు వేసి, క్లిప్పులు బిగించి ఇచ్చాడు. మర్నాడు కారు నా చేతికొచ్చింది. ఫిజిక్స్ చదివినవాణ్ణి, ఫిల్టర్ శుభ్రం చేయడమెంత? పైపు పట్టి లాగాను. కొస చిరిగింది. మా వైపు పార కర్ర చీలినా, బకెట్ పిడి ఊడినా సైకిల్ ట్యూబు చీల్చి చుట్టేస్తాం. నేనూ చుట్టేశాను. పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందని తెలియదా? తెలుసు. పరీక్షలో అడిగితే రాసేవాణ్ణి. మరి కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఎందుకు చెప్పలేదు? అక్క ముందు పనిమంతుణ్ణి అనిపించుకోవాలనా?

ఆ వారమే బావ, అక్క, మేనకోడలు భద్రాచలం బయల్దేరారు. సారపాక రాకముందే బోనెట్‌లోంచి మంట. ముగ్గురూ దూకేశారు. పక్క కల్లంలో బీడీలు చుట్టే తునికాకు ఎండబెడుతున్న ఆడవాళ్లు ఆకునలాగే వదిలేసి, గంపలతో మట్టి తెచ్చి, కారు కింద మండుతున్న పెట్రోలు మీద గుమ్మరించారు. వాళ్ల పేర్లు తెలియవు. మేనకోడలు నవ్వినప్పుడల్లా మనసులో వాళ్లకు దండం పెట్టుకుంటాను.

బావ నన్ను వెంటబెట్టుకుని ఖాజా షెడ్డుకు వెళ్లాడు.

“నా బిడ్డ ఉండె కార్ల. ఏం బిగించినవ్?”

“మంచిగనే బిగించిన అన్నా. మళ్ల ఎవరన్నా ఇప్పిండ్రా?”

“ఎవరిప్పుతరు? మా బామ్మర్ది తోలిండు, గంతే. సదువుకున్నోడు.”

నేను గోడకు ఆనించిన టైరును పరిశీలించాను. అంత శ్రద్ధగా ఏ పాఠమూ చదవలేదు.

బావ ఊరంతా చెప్పాడు. మా చుట్టాల బళ్లేవీ ఆ షెడ్డు ముందు ఆగడం లేదు.

ఇప్పుడు ఎవరు పాత కారు బోనెట్ తెరిచినా నా ప్రవచనం మొదలవుతుంది. ఇంజన్ చల్లారనివ్వండి, బ్యాటరీ తీగ తీయండి, చిరిగిన పైపుకు కట్లు కట్టకండి, పెట్రోలుకు తయారుచేసిన పైపే కొత్తది వేయండి. జాగ్రత్తపరుణ్ణని మెచ్చుకుంటారు. శిక్షల్లో ఇదొక రకం.

మొన్న ఖాజా దగ్గరికి వెళ్లి చెప్పేశాను. మాటలు తడబడ్డాయి, కానీ అన్నీ వచ్చాయి. ఛాతీ కొంచెం తేలికైంది. ఆయన కోప్పడలేదు. చాయ్ తెప్పించాడు. ఆ చాయ్‌కి బతికినంతకాలం రుణపడి ఉంటాను. సగం తాగానో లేదో, చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

“నేను తప్పు చెయ్యలేదని నాకెరికనే తమ్మీ. నాకెందుకు చెప్తున్నవ్? పోయి మీ బావకు చెప్పు.”