బూడిద గిన్నె

మా అమ్మ వరంగల్‌లో జంపఖానాలు నేస్తుంది. నేను నవలలు రాస్తాను. అంటే, ఒకటే రాశాను లెండి. అందులో యుద్ధం, ప్రేమ, ఎగిరే గుర్రం, అన్నీ ఉన్నాయి. నాయిక నేతగత్తె. ప్రియుడు యుద్ధానికి బయలుదేరే రోజు, నేసిన జంపఖానాను కోసి అతని భుజాన వేస్తుంది. మగ్గం మీద జానెడు పోగుల కొసలు మిగులుతాయి. చివరి అధ్యాయంలో అతను చచ్చిపోతాడు. ఆ కొసలు తెగిపోయిన ప్రేమకు గుర్తన్నమాట. ఆ ఊహ తట్టినందుకు నన్ను నేనే తెగ మెచ్చుకున్నాను.

ప్రింటుకు పంపేముందు హన్మకొండలో మిత్రులకు చదివి వినిపించాను. నన్ను పొగుడుతుంటే చూస్తుందని అమ్మను కూడా తీసుకెళ్లాను. ఒక లెక్చరర్ సారు లేచి, "ఆ కొసలు వైధవ్యానికి ప్రతీక. అద్భుతం!" అన్నారు. చప్పట్లే చప్పట్లు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

వెనక వరుసలోంచి అమ్మ లేచింది. పరువు తీస్తుందేమోనని, కూర్చోమని సైగ చేశాను.

"తప్పు సారూ. గా కొసలు తెగినయి కాదు, కావాలని ఇడిసినయి. కొత్త పడుగు పోగులు గా కొసలకే అతుకుతం. జారకుంట వేళ్లకు జర బూడిద అద్దుకొని ఒక్కొక్క పోగు మెలేస్తం. ఇగ నేసుడే లేదనుకుంటే ఆ పిల్ల ఎందుకిడుస్తది? పిలగాడు మళ్లొస్తడనే ఇడిసింది." తర్వాత నా వైపు తిరిగింది. "గుర్రం ఎగిరితే ఎగరనియ్యి బిడ్డా. మగ్గంతోని అబద్ధమాడియ్యకు."

సారు చేతులు జోడించి, "నాకు తెలియదమ్మా" అన్నారు. ఆయనకు తెలియదు సరే, నాకేమైంది? చిన్నప్పటి నుంచీ అమ్మకు ఆ బూడిద గిన్నె అందించింది నేనే కదా! సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే గర్వమే ఎక్కువైంది. ఆగలేక, "మా అమ్మ!" అని గట్టిగా అనేశాను. అందరూ నవ్వారు. నవ్వనీ.

చివరి అధ్యాయం మొత్తం మార్చాను. వీరుడు బతికి వచ్చాడు. ఆమె కొత్త పడుగు అతుకుతుంటే గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికెళ్లి చదివి వినిపిస్తే, అమ్మ మగ్గం గుంటలో కూర్చుని అంతా విన్నది.

"మంచిగున్నది. గని ఆ కత్తేంది? పిల్ల ఒక్కతే అతుకుతాంటే గాయన ఊకె నిలవడుడేంది? గిన్నె వట్టుకోమను."

ఇప్పుడు నా నవల ఆఖరి వాక్యంలో, రాజ్యాలు గెలిచొచ్చిన వీరుడు కత్తి పక్కన పెట్టి, బూడిద గిన్నె పట్టుకుని ఆమె పక్కన కూర్చుంటాడు. పుస్తకమంతా నాదే, ఆ వాక్యం మాత్రం మా అమ్మది.