కాస్పియన్ ఒడ్డున నా వాటా

1960ల్లో నేనూ, నా భార్య రమణమ్మా వీపున సంచులు తగిలించుకుని, దొరికిన బస్సల్లా ఎక్కుతూ ఇరాన్ దాకా వెళ్లాం. నాది బుచ్చిరెడ్డిపాలెం, వరి పండించే ఇల్లు. ఆమెది మైపాడు, చేపలు పట్టే ఇల్లు. అయినా దారి పొడవునా పెద్దరికమంతా నాదే.

ఒక ఉదయం కాస్పియన్ సముద్రపు ఒడ్డున జాలరులు పాట పాడుతూ వల లాగుతున్నారు. మాదీ సముద్రతీరమేనని సైగలతో గొప్పలు చెప్పి నేనూ తాడు పట్టాను. అల వెనక్కి మళ్లగానే తాడు నన్ను మోకాటి లోతు నీళ్లలోకి ఈడ్చి బోర్లా పడేసింది.

"మీరు రవంత పక్కకు జరగండి," అంటూ రమణమ్మ కొంగు దోపి తాడందుకుంది. వాళ్ల పాట ఆమెకు తెలియదు. అయినా అడుగు తప్పలేదు.

వల ఒడ్డుకు చేరాక ఒక ముసలి జాలరి చేపలను కుప్పలు పోసి, ఒక కుప్ప ఆమె ముందుకు జరిపాడు. నేను ఆశ్చర్యపోయాను.

"తాడు పట్టినోళ్లకు వాటా ఇయ్యాల. మా మైపాట్లోనూ అంతే," అంది రమణమ్మ.

"నేనూ పట్టినాను గదా?"

"మీరు యాడ పట్టినారు? తాడే మిమ్మల్ని పట్టింది."

ఆమె నవ్వు చూసి ముసలాయనకు సంగతి అర్థమైనట్టుంది. తన కుప్పలోంచి వేలెడంత చేప తీసి నాకు చాపాడు. తడిబట్టల్లో వణుకుతూనే దాన్ని రెండు చేతులా అందుకున్నాను.