రెండో సాక్షి

మతసామరస్యం మీద మాట్లాడడానికి కడపలో నాకంటే చౌకగా దొరికే మనిషి లేడు. హెడ్మాస్టరుగా రిటైరై పదేండ్లు కావస్తున్నా, ఏ బడిలో సభ పెట్టినా ముందు నాకే ఫోన్ చేస్తారు. శాలువా కప్పినా వెళ్తాను, కప్పకపోయినా వెళ్తాను. ఉపన్యాసం మాత్రం ఎప్పుడూ ఒకటే. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు రావడం, పీర్ల పండక్కి మా అమ్మ వీధిలో పానకం పంచడం, చివర్లో మా పక్కింటి పరుపులాయన. "నేను రోజూ నిద్రపోయేది ఆయన కుట్టిన పరుపు మీదే" అంటాను. అక్కడ చప్పట్లు పడతాయి. అవి పడేదాకా ఆగి మంచినీళ్లు తాగడం కూడా నాకు అలవాటైపోయింది.

ఆ పరుపులాయన పద్దెనిమిదేండ్లుగా మా గోడకు అవతల ఉంటున్నాడు. ముస్లింలే అయినా వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే. ముందు గదిలో దూది ఏకే మిషన్ పెట్టుకుని, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇస్తాడు. చిన్నప్పుడు మా బడిలోనే చదివాడు. అందుకే నలభై దాటినా నన్ను చూస్తే పైకి కట్టిన లుంగీ దించుకుని నిలబడతాడు. అంగళ్లలోకి ఫోమ్ పరుపులు వచ్చాక ఆయన పని పడిపోయింది. కువైట్‌లో ఉన్న వాళ్లన్న ఒక ఇంట్లో డ్రైవర్ పని మాట్లాడిపెట్టాడు. రంజాన్ నెల మొదలయ్యేలోపు చేరకపోతే ఆ ఇంటివాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. ఈయనకేమో పాస్‌పోర్టే లేదు. హడావిడిగా దరఖాస్తు పెట్టుకుని, "సార్, పోలీసోళ్లు ఎంక్వైరీకొస్తే ఇద్దరు పక్కిండ్లోళ్లు సాక్షి సంతకం పెట్టాలంట. ఒకటి మీరే పెట్టాల" అన్నాడు. "అది కూడా అడగాల్నా అప్పా?" అన్నాను, ఉపన్యాసంలో మాట్లాడే గొంతుతో.

ఆ వారంలోనే, మాకు రైల్లో ఒకటిన్నర రోజు ప్రయాణమంత దూరంలో ఉన్న ఒక నగరంలో బాంబులు పేలాయి.

మొదటి రోజు చనిపోయినవాళ్ల కోసం నిజంగానే బాధపడ్డాను. టీవీలో ఒక చిన్న చెప్పు చూపిస్తే అన్నం సహించలేదు. రెండో రోజుకు బాధ తగ్గి భయం మొదలైంది. మూడో రోజుకు ఆ భయానికి పక్కింటి అడ్రసు దొరికింది. టీవీలో ఎవరో పెద్దమనిషి, "ఇలాంటివాళ్లు చాలా నెమ్మదస్తులుగా ఉంటారు, ఇరుగుపొరుగుతో మర్యాదగా మెలుగుతారు" అన్నాడు. మా పక్కింటాయన ఎంత నెమ్మదస్తుడో ఈ వీధిలో నాకంటే ఎవరికి తెలుసు? పద్దెనిమిదేండ్లలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదే! చెత్త బండి కోసమైనా పోట్లాడలేదే! పోట్లాడి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేదేమో.

ఇక కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఆటోలో ఎవరో ఇద్దరు గోనె సంచులు దించారు. దూదే, పద్దెనిమిదేండ్లుగా దిగుతున్న దూదే. కానీ ఆ రోజు అవి నాకు బరువుగా కనిపించాయి. "ఏమే, దూది మూట ఎత్తడానికి ఇద్దరెందుకు?" అని మా ఆవిడను అడిగాను. ఆమె గుత్తితో పప్పు ఎనుపుతూనే, "పోయి మీరొక చెయ్యేయండి, తెలుస్తాది" అంది.

ఇంకో మాట చెప్పడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్తాను. ఒక మధ్యాహ్నం పడుకుంటే పక్కటెముక కింద ఏదో గట్టిగా తగిలింది. అటు తిరిగినా తగిలింది, ఇటు తిరిగినా తగిలింది. మా ఆవిడ మార్కెట్టుకు పోయింది. లేచి తలుపు గడియ పెట్టి, గడ్డం గీసుకునే బ్లేడుతో పరుపు కుట్లు జానెడు పొడవు కోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టాను. దొరికింది ఏకకుండా మిగిలిన ఒక దూది ఉండ, అందులో రెండు పత్తి గింజలు. ఫ్యాను వేసి ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ వచ్చేసరికి తలలో, కనుబొమల్లో, దేవుడి పటాల మీద దూదితో మంచం మధ్యలో కూర్చుని ఉన్నాను. "ఎలుక కొరికింది" అన్నాను. ఆమె కోసిన చోటు చూసింది, కిటికీలో ఉన్న బ్లేడు చూసింది, చీపురు తెచ్చి నా చేతికిచ్చింది.

పరుపు బాగు చెయ్యాల్సింది మళ్లీ ఆయనే కదా. వచ్చి, గడప అవతల చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని పెద్ద సూదితో కుట్టాడు. నేను ఎలుకల గురించి అడక్కుండానే పావుగంట చెప్పాను. ఆయన తలెత్తకుండా "అవును సార్, శానా ఉండాయి ఎలుకలు" అని ఊరుకున్నాడు. లేచేటప్పుడు మాత్రం అడిగాడు: "ఎంక్వైరీ ఈ వారంలోనే వస్తాదంట సార్. ఇంటికాడనే ఉంటారు గదా?"

"యాడికి పోతాను అప్పా?" అన్నాను. మర్నాడు పొద్దున్నే మా ఆవిడను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాను.

మహానందికి పోదామని మా ఆవిడ ఎన్నో కార్తీకాలు అడిగింది. మోకాళ్ల నొప్పులని తప్పించుకుంటూ వచ్చాను. ఆ రోజు మోకాళ్లు నొయ్యలేదు. కోనేట్లోని నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున నా పాదాల గోళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పీక దాకా ఆ నీళ్లలో నిలబడి నేను శివుణ్ని ఏమడిగానో తెలుసా? కానిస్టేబుల్ నేను లేనప్పుడు వచ్చి, ఎదురింటాయనతో సంతకం పెట్టించుకుని వెళ్లిపోవాలని. సంతకం పెట్టాక రేప్పొద్దున ఏదన్నా జరిగితే? టీవీలో నా ఫోటో వేసి, "సాక్షి సంతకం పెట్టిన రిటైర్డ్ హెడ్మాస్టర్" అంటే? నా పెన్షన్ ఆపేస్తే? ఆ ఫోటో ఏది వేస్తారో కూడా ఆలోచించాను. శాలువాతో ఉన్నది వేస్తే బాగుండుననుకున్నాను.

అక్కడే సత్రంలో రెండు రోజులు దాక్కుని, ప్రసాదం కట్టించుకుని ఇంటికొస్తే, నా ఖర్మ, కానిస్టేబుల్ పక్కింటి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. "సార్ లేరని రెండు తూర్లు తిరిగిపోయినా సార్" అన్నాడు. మొదటి సాక్షి మూలమీది కిరాణం అంగడాయన. బాంబులు పేలినప్పటి నుంచి అంగట్లో కూర్చుని తురకల్ని నోటికొచ్చినట్టు తిడుతున్నవాడు ఆయనే. కాగితం చూపిస్తే, "ఏందిది, మన పరుపులోడిదా? యాడ పెట్టాల?" అని చదవకుండా సంతకం గీకి, మళ్లీ బియ్యం తూచుకోవడానికి పోయాడట. తిట్టేవాడు పెట్టేశాడు, ఉపన్యాసాలు చెప్పేవాడు మహానందిలో మునిగాడు.

కాగితం నా చేతికొచ్చింది. పక్కనే ఆయన లుంగీ దించుకుని నిలబడ్డాడు. అప్పుడు నా బుర్రలో ఒక తెలివి తళుక్కుమంది. నలభై ఏండ్లు నేను ఇంగ్లీషులోనే సంతకం పెట్టాను, కింద తోకతో సహా. ఆ కాగితం మీద మాత్రం తెలుగులో, ఒకటో తరగతి పిల్లాడిలా వంకరటింకరగా నా పేరు రాశాను. రేపు ఏదన్నా వస్తే "ఇది నా సంతకమే కాదు" అనొచ్చు కదా! ఏమీ రాకపోతే మాట నిలబెట్టుకున్నట్టు ఉంటుంది. ఎంత తెలివైనవాడినో అని నాకు నేనే మెచ్చుకున్నాను. కానిస్టేబుల్ అడిగితే నా పెన్షన్ కార్డు జిరాక్సు కూడా ఇచ్చాను. దాని మీద తోకతో ఉన్న ఇంగ్లీషు సంతకం నిక్షేపంలా ఉందన్న సంగతి అంత తెలివైనవాడికి తట్టలేదు.

మూడు వారాల తర్వాత పక్కింటాయన వచ్చాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు. "రెండో సాక్షి సంతకం కలవలేదంట సార్. కాగితం ఆడనే ఆగిపోయింది. మీరొక తూరి స్టేషన్‌కు రావాల" అన్నాడు. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు: "సార్‌కు వయసు మీద పడింది, చెయ్యి వణుకుతాది, అందుకే అట్ల పడింది అని చెప్పినా సార్."

నేనేం చేశానో రాయాలి కదా. ఆయన ముందే కుడిచెయ్యి పైకెత్తి, కొంచెం వణికించి చూపించాను. వంటింటి గుమ్మంలో ఉన్న మా ఆవిడ అది చూసి లోపలికి వెళ్లిపోయింది.

స్టేషన్లో కాగితాలు రాసే రైటర్ మర్యాదగానే కుర్చీ వేశాడు. నా పెన్షన్ కార్డు జిరాక్సు, వంకర సంతకం పక్కపక్కన పెట్టి రెండూ నావేనా అని అడిగాడు. నావేనన్నాను. నమ్మినట్టు లేడు. అప్పుడు పక్కింటాయన తన ఫైల్లోంచి పాత కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు, ఈయనే మా సార్ అని రుజువు చెయ్యడానికి. పదో తరగతి అయ్యాక మా బడి నుంచి తీసుకుపోయిన సర్టిఫికెట్. కింద పచ్చ ఇంకుతో నా సంతకం, తోకతో సహా. రైటర్ దాన్ని పైనుంచి కింద దాకా పైకి చదివాడు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. "నడవడిక చాలా మంచిది" అని చదివి తలెత్తాడు. "ఇది మీరు రాసిందేనా సార్?"

నేనే. ఏటా వందలమంది పిల్లలకు, ముఖం కూడా చూడకుండా, టీ తాగుతూ అదే మాట రాశాను. ఎవరికీ భయపడలేదు. పదిహేనేండ్ల పిల్లోడి గురించి అంత నమ్మకంగా రాసినవాణ్ని, పద్దెనిమిదేండ్లు పక్కనే చూసిన మనిషి కోసం దొంగ సంతకం పెట్టాను. ఆ కుర్చీలో నాకు తల కొట్టేసినట్టయింది. రైటర్ కొత్త కాగితం ఇస్తే ఇంగ్లీషులో, తోకతో, పెట్టాల్సినట్టే పెట్టాను.

పాస్‌పోర్టు వచ్చింది. అప్పటికి రంజాన్ మొదలై నాలుగు రోజులైంది. కువైట్ ఇంటివాళ్లు ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నారని వాళ్లన్న ఫోన్ చేశాడు. నా తెలివి ఆ మూడు వారాలు తినకపోయి ఉంటే ఆయన ఈపాటికి కువైట్‌లో ఉండేవాడు. అయినా ఆయన సాయంత్రం ఉపవాసం విడిచాక, పాస్‌పోర్టు చూపించడానికి మా ఇంటికి వచ్చాడు. కొత్త అట్ట వాసన ఇంకా పోలేదు. దాన్ని చేతిలో పట్టుకుంటే ఇక దాచలేకపోయాను. "చెయ్యి వణకలేదప్పా. ఆ పొద్దు కావాలనే అట్ల పెట్టినా. భయపడినా" అన్నాను.

"తెలుసు సార్" అన్నాడు. "మీరు రాసేది పక్కనుంచి చూస్తానే ఉన్నా."

"మరి అప్పుడే అడగలేదేం?"

ఆయన పాస్‌పోర్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అడగడానికి నాకూ భయమే సార్. మీరు చెప్పకుండా బస్సెక్కి పోయినారు గదా. సార్ యాడికి పోయినాడో, మా గురించి ఎవరికి ఏం చెప్తాండాడో అని రెండు దినాలు మా ఇంట్లో పొయ్యి ముట్టించలా. నా పెండ్లాం పిల్లోళ్లను తీసుకోని వాళ్లమ్మ ఇంటికి పోయింది."

"నాకా భయపడింది? నాకెందుకప్పా?"

"ఇంకెవరికి భయపడాల సార్? రేపు మేం ఎట్లాంటోళ్లమని ఎవరన్నా అడిగితే, అడిగేది మిమ్మల్నే గదా."

నలభై ఏండ్లు పిల్లల్ని ప్రశ్నలు అడిగి బతికినవాణ్ని. లేచి, పైకి కట్టిన లుంగీ దించుకుని ఆయన ముందు నిలబడ్డాను.