నాన్న పోయాక వచ్చిన గొంతు

ఆ బస్సు కండక్టరుకు డిపోలో అందరూ కలిసి పెట్టిన పేరు దూది. మనిషి తాటిచెట్టంత ఉంటాడు గాని గొంతు మాత్రం దూదిపింజ. "ముందుకు జరగండి" అంటే, పక్కనున్నవాడు కూడా "నన్నేనా?" అని అడిగి మరీ తెలుసుకోవలసి వచ్చేది. టికెట్ అడిగితే చేబదులు అడుగుతున్నట్టుండేది.

"బావా, నీ అరుపుకి వాలిన దోమ కూడా లేవదు" అని డ్రైవరు రోజూ ఏడిపించేవాడు. దూది నవ్వి ఊరుకునేవాడు.

ఇంట్లో ఆ గొంతుకు వేరే కొలువుండేది. భార్య ఆస్పత్రిలో నర్సు. తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోయేది. కూతురికి తల దువ్వి, జడలు వేసి, బడికి పంపడం దూది వంతు. జడ అల్లుతూ కథ చెప్పేవాడు. కథ సగంలో ఉండగానే జడ అయిపోతే, పాప దాన్ని విప్పేసుకుని "మళ్ళీ వెయ్యి" అనేది.

ఇదంతా చూస్తూ వరండాలో కూర్చునేవాడు దూది తండ్రి. బట్టల మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఆయన కేకేస్తే మగ్గాలు వాటంతటవే ఆగిపోయేవని చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా ఆయనే అనుకోండి.

"మీసం ఉన్నవాడివి, జడలేంట్రా? రేపు గాజులు కూడా తొడుక్కుంటావా?" అనేవాడు.

ఒక ఎండాకాలం ఆయన పోయాడు. చివర్లో ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు గాని మాట బయటికి రాలేదు. ఆ మాట ఎక్కడికి పోయిందో అప్పుడెవరూ ఆలోచించలేదు.

దూది మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజు బస్సు కిక్కిరిసి ఉంది. ఎప్పట్లాగే నోరు తెరిచి "ముందుకు జరగండి" అన్నాడు. బస్సులో జనమంతా ఒక్కసారిగా ముందుకు కదిలారు. ఎక్కడో ఏడుస్తున్న పసివాడు ఠక్కున నోరు మూశాడు. డ్రైవరు హడలిపోయి బ్రేకు తొక్కాడు.

"ఎవరయ్యా అది?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

దూది కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఆ గొంతు వాళ్ళ నాన్నది.

జనానికి మాత్రం పండగే. "ఇన్నాళ్ళకి మగాడివయ్యావురా" అని డిపోలో భుజం తట్టారు. పాలవాడు నీళ్ళు కలపడం మానేశాడు. ఎప్పుడూ "ఏమయ్యా" అనే మామగారు ఫోనులో "అల్లుడుగారూ" అన్నాడు. మేనేజరు గదిలోకి పిలిచి, "కంట్రోలర్ కుర్చీ ఖాళీ అవుతోంది. దానికి ఇలాంటి గొంతే కావాలి" అన్నాడు. దూదికీ బాగానే ఉంది, అబద్ధమెందుకు? రావలసిన ఆస్తి ఆలస్యంగానైనా వచ్చిందని లోలోపల మీసం తిప్పుకున్నాడు.

అయితే ఆ గొంతు తన మాటలు తానే వెంట తెచ్చుకుంది.

ఒక పొద్దున జడ అల్లుతుంటే పాప మెడ తిప్పింది. "ఇటు తిరుగమ్మా" అందామనుకున్నాడు. "కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా" అని వచ్చింది. చిన్నప్పుడు అతను ఇదే గదిలో విన్న మాట. చివర్లో నాన్న దగ్గే ఆ పొడిదగ్గుతో సహా ఏమీ మారలేదు.

పాప కదల్లేదు. జడ వేయడం అయ్యాక కూడా కదల్లేదు. మర్నాటినుంచి తనే అద్దం ముందు నిలబడి వంకరటింకరగా అల్లుకోవడం మొదలుపెట్టింది. తండ్రి గదిలోకి వస్తే ఆ చిన్నవేళ్ళు ఆగిపోయేవి.

"నిన్ను చూస్తే పిల్ల గోడకి అతుక్కుపోతోంది. ఏమన్నావు దాన్ని?" అంది భార్య.

"నేననలేదు."

"మరెవరన్నారు?"

జవాబు ఎవరి మాటగా వస్తుందోనని దూది పెదవులు బిగించుకున్నాడు.

దూది తల్లి వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. పక్కన చతికిలబడి గుసగుసగా చెప్పాడు. గుసగుసకు గొంతుతో పనిలేదు. తనదంటూ మిగిలింది అదొక్కటే.

"అమ్మా, నా నోట్లో నాన్న ఉన్నాడు."

తల్లి తలెత్తలేదు. "ఆయన కాదురా. మీ తాత."

"తాతా?"

"పెళ్ళయిన కొత్తలో మీ నాన్న గొంతు వేరు. మీ తాత పోయాక ఇది దిగింది. అందరూ మెచ్చుకున్నారు. ఫోర్‌మన్‌ని చేశారు. ఆయనా వద్దనలేదు." ఒక కాయ చీల్చి, గింజల్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. "అంతకుముందు ఎలా మాట్లాడేవారో గుర్తు తెచ్చుకుందామని ఎన్నిసార్లు చూశానో. రాదు."

తాతకి ఎవరి దగ్గరనుంచి వచ్చిందో అడగడానికి దూదికి ధైర్యం చాలలేదు.

మర్నాడు మేనేజరు ముందు నిలబడి, "ఆ కుర్చీ నాకొద్దండి" అని గుసగుసలాడాడు.

"ఏంటయ్యా, జలుబా?"

"కాదండి. అరవడం మానేశాను."

"ఇంట్లో అడిగొచ్చావా, నీకు నువ్వే అనుకున్నావా?" మేనేజరు జాలిగా చూసి ఫ్యాను కింద ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు. డిపోలో దూది పేరు మారి గాలి అయింది. అదీ భరించాడు. భరించలేనిది లోపలిదే. గుటక వేసినప్పుడల్లా ఎవరో బరువైన చెప్పులతో మెట్లు దిగుతున్నట్టుండేది. కాస్త ఏమరితే ఎక్కుతున్నట్టుండేది.

పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళకుండా, పాపకు గుసగుసగానే కథ చెప్పేవాడు. గోడకు చెప్పినట్టే ఉండేది. అయినా మానలేదు.

వానలు పడ్డాయి. ఒకరోజు రేకుల కప్పు మీద చినుకుల మోతలో అతని గుసగుస అతనికే వినపడలేదు. అద్దం ముందు పాప సగం జడ పట్టుకుని ఆగింది. వెనక్కి తిరగకుండానే దువ్వెన చాచింది.

"నాన్నా, వినపడట్లేదు. గట్టిగా చెప్పు."

అతను వెళ్ళి దువ్వెన అందుకున్నాడు. ఏం వస్తుందోనని పిల్ల భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి. లోపల మెట్ల మీద అడుగులు పైకి వస్తున్నాయి. నోరు తెరవకపోతే ఈ పిల్ల ఇక రాదు. తెరిస్తే ఎవరొస్తారో తెలియదు.

తెరిచాడు.

"అప్పుడా దొంగ ఏం చేశాడంటే..."

వచ్చింది దూది గొంతు కాదు. నాన్నదీ కాదు. కాస్త బొంగురుగా, ప్రతి మాటకీ ముందు నవ్వబోయి ఆపుకున్నట్టు, ఎవరో కుర్రవాడి గొంతు.

పాప భుజాలు మెల్లగా దిగాయి. "ఊఁ, ఏం చేశాడు?" అంది.

వంటింట్లో గిన్నె జారిపడింది. దూది తల్లి గుమ్మం దాకా వచ్చి ఆగింది. తడిచేత్తోనే చెదిరిన జుట్టు సవరించుకుంది. కొడుకు వైపు కాదు, ఆ గొంతు వస్తున్న వైపు చూస్తూ, గడప దాటకుండా, కొత్త కోడలిలా అడిగింది.

"మీరా?"