మెడలో లస్కరు

రామచంద్రపురంలో మాకు కిళ్ళీ కొట్టు ఉంది. ఏడో తరగతిలో నేనూ లెక్కల మాస్టారూ ఒకరినొకరు భరించలేక విడిపోయాక, మా నాన్న నన్ను తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. అప్పటినుంచీ తమలపాకుకి సున్నం రాయడం, వచ్చినవాళ్ళని నవ్వించడం నా పని. మొదటి పనికి డబ్బులొస్తాయి. రెండోది ఊరికే చేస్తాను, కానీ జనం వచ్చేది ఎక్కువగా దానికే.

అందువల్ల నాకు జబ్బు చేస్తే ఎవరూ నమ్మలేదు.

ముందు ఎముకల నొప్పులతో మొదలైంది. కాళ్ళలో లోపల్నించి ఎవరో నములుతున్నట్టుండేది. రోజూ సాయంత్రం వచ్చే ఒకాయనతో ఎముకలు నొప్పిగా ఉన్నాయండి అన్నాను. ఆయన నవ్వడానికి సిద్ధమైన ముఖంతో అలాగే నిలబడ్డాడు, తరవాతి ముక్క కోసం. తరవాతి ముక్క ఏమీ లేదని చెప్పాను. దానికి నవ్వాడు.

ఇంట్లో మా ఆవిడ దగ్గరా అదే పరిస్థితి. ఆవిడ తప్పు లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకొచ్చిన కడుపునొప్పుల్లో సగం వాళ్ళ పుట్టింటివారి ఫంక్షన్ల రోజునే వచ్చాయి. పక్కమీంచి లేవలేకపోతున్నానని ఒక ఉదయం చెబితే, కూర తరుగుతూ తల ఎత్తకుండా అడిగింది.

"ఇప్పుడు ఎవరిదండీ పెళ్ళి?"

ఎవరిదీ కాదన్నాను. అయితే లేవమంది.

మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరు గారు మాత్రం నమ్మారు. ఒంట్లో సున్నం తగ్గిపోయిందన్నారు. పొద్దస్తమానం సున్నంలో వేలు పెట్టుకు కూర్చునేవాడికి సున్నం తగ్గడమేంటని నాకు అనుమానం వచ్చింది గానీ, బడి మానేసినవాడిని, ఎదురు చెప్పలేదు. కాల్షియం బిళ్ళలు ఇచ్చారు. మా ఆవిడ తనవంతుగా పొద్దున రాగిజావ, రాత్రి గ్లాసుడు పాలు కలిపింది. శ్రద్ధగా అన్నీ మింగాను. శ్రద్ధగా జబ్బు పెరిగింది. ఎంత నీళ్ళు తాగినా దాహం, తాగిన నీళ్ళు నిలవకపోవడం, మలబద్ధకం. వీటన్నిటికంటే మతిమరుపు ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఒకసారి ఒక కిళ్ళీకి సున్నం రాసిన సంగతి మరిచిపోయి మళ్ళీ రాశాను. తిన్నాయనకి నోరంతా పొక్కిపోయింది. మరిచిపోయానండి అని చెబితే, భలేవాడివయ్యా అంటూ, పొక్కిన నోటితోనే ఊరంతా చెప్పుకొచ్చాడు.

ఆ తరవాత కిడ్నీలో రాయి వచ్చింది. అది మాత్రం ఊరంతా నమ్మింది. స్కానింగులో కనిపించే జబ్బుకి గౌరవం ఎక్కువ. బోరు నీళ్ళ వల్ల అని కొందరు, టమాటాల వల్ల అని కొందరు తేల్చారు. అరటి దూట రసం తాగాను, ఉలవకట్టు తాగాను. రాయి పోయింది. కొన్నాళ్ళకి ఇంకోటి వచ్చింది. కాకినాడలో రాళ్ళు తీసే డాక్టరు గారు ఈసారి రక్తపరీక్ష చూసి, కాల్షియం ఉండాల్సినదాని కంటే ఎక్కువ ఉందని, ఆ ఊళ్ళోనే ఉన్న హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ కాల్షియం బిళ్ళలు మానెయ్యమని, ఒక పరీక్ష చేయించుకు రమ్మని చెప్పారు.

ఆ పరీక్షకి కాకినాడలోనే ఉండిపోవడమెందుకని మా ఊరు వచ్చేశాను. చీటీ బస్సులోనో హోటల్లోనో పోయింది. అయినా పేరు గుర్తుందన్న ధీమాతో మా ఊళ్ళో ల్యాబుకి వెళ్ళాను. ల్యాబు నడిపే ఆయన మా కొట్టుకి వచ్చేవాడే.

"ఏం పరీక్షన్నారండి?"

"థైరాయిడ్డేనండి. దాని ముందు పారో గునపమో ఏదో ఉంది. మీ దగ్గర ఏదుంటే దాంతో తవ్వండి."

ఆయన పడీపడీ నవ్వి, సూది పట్టుకున్న చెయ్యి నిలకడగా అయ్యేదాకా ఆగి, రక్తం తీసి, థైరాయిడ్ పరీక్ష చేశాడు. నార్మల్ అని వచ్చింది.

ఆ ఒక్క మాటతో నా పరువు పోయింది. మా ఆవిడ రిపోర్టుని దేవుడి పటం పక్కన పెట్టింది. ఎముకలు నొప్పి అన్నప్పుడల్లా మాట్లాడకుండా అటువైపు చూసేది. కొట్టుకి వచ్చేవాళ్ళు గురూగారూ, పార ఎలా ఉంది అని పలకరించేవారు. పదునుగా ఉందండి అనేవాణ్ణి. నార్మల్ మనిషి ఏమనాలో అదే అనాలి కదా. కాకినాడ మళ్ళీ వెళ్ళలేదు.

ఒక మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ కొట్టు షట్టరు దించుతుంటే మణికట్టు విరిగింది. పడలేదు, జారలేదు. రోజూ లాగే షట్టరే. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు మీ ఎముకలు రస్కుల్లా ఉన్నాయండి అన్నారు. చేతికి కట్టుతో, సంచిలో నార్మల్ రిపోర్టుతో, పక్కన మా ఆవిడతో మళ్ళీ కాకినాడ వెళ్ళాను.

డాక్టరమ్మ రిపోర్టు చూశారు. నన్ను చూశారు.

"ఇది థైరాయిడ్ పరీక్షండి. నేను రాసింది పారాథైరాయిడ్."

"రెండూ ఒకటి కాదాండి?"

"పక్కపక్క ఇళ్ళు. అంతే."

థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటాయట. ఒంట్లో సున్నాన్ని చూసుకోవడమే వాటి పని. వాటిలో ఒకటి పాడైతే ఎముకల్లో సున్నాన్ని లాగి రక్తంలో పోస్తూనే ఉంటుందట, అక్కణ్ణించి కిడ్నీలో రాళ్ళు కడుతుందట. నాకు వెంటనే అర్థమైంది. కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తీ దించీ చేసే లస్కర్లు నలుగురు. వాళ్ళలో ఒకడు తలుపు ఎత్తేసి దించడం మానేశాడు. పొలాలు ఎండుతున్నాయి, కాలవ పొంగుతోంది. కిళ్ళీ సున్నం వేలుకి రాసుకుని రాసుకుని ఇలా అయిందాండి అని అడిగాను. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. ఈ మాట మా ఊళ్ళో ఎవరికీ నచ్చలేదు. ఇప్పటికీ కొట్టులో కొందరు సున్నం తక్కువ వెయ్యమంటారు.

తరవాత ఆవిడ పెన్ను తీసి, ఏమేం ఇబ్బందులున్నాయో మొదటినుంచీ చెప్పమన్నారు. నేను అలవాటుగా ఒకే కిళ్ళీకి రెండుసార్లు సున్నం రాసిన కథతో మొదలుపెట్టాను. మా ఆవిడ నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. నోరు పొక్కిన దగ్గర అందరూ నవ్వుతారు. ఆవిడ అక్కడ ఏదో రాసుకున్నారు.

"ఇలా మరిచిపోవడం ఎన్నాళ్ళ నుంచండి?"

ఇంతవరకూ నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. చాన్నాళ్ళ నుంచి అన్నాను. రాత్రుళ్ళు కాళ్ళు పీకుతూ నిద్ర పట్టదని, కొట్టులో స్టూలు మీంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలని, ఒక్కోసారి చెప్పబోయే జోకు సగంలో మరిచిపోయి అదే జోకన్నట్టు ఊరుకుంటానని చెప్పాను.

"ఇదంతా నిజమేనాండి?" అంది మా ఆవిడ.

"ఆయ్. నిజమే."

తిరుగు బస్సులో మా ఆవిడ నా ఒళ్ళో సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికొచ్చాక దేవుడి పటం పక్కన ఖాళీ అయిన చోట అగరుబత్తుల పెట్టె పెట్టింది.

ఈసారి పరీక్ష కాకినాడలోనే చేశారు. పేరు నన్ను చెప్పనివ్వలేదు. మెడకి స్కాన్ తీస్తే లస్కరు దొరికాడు. బియ్యపుగింజంత ఉండాల్సినవాడు చిక్కుడుగింజంత అయ్యాడు. ఆపరేషన్ చేసి తీసేశారు. మిగతా ముగ్గురూ ఇన్నాళ్ళూ పని లేక నిద్రపోతున్నారట, లేవడానికి టైము పడుతుందట. ఈలోగా ఎండిన పొలాలు నీళ్ళు తాగినట్టు ఎముకలు రక్తంలో కాల్షియం అంతా లాగేసుకోవచ్చు, మూతి చుట్టూగానీ వేళ్ళకిగానీ తిమ్మిరెక్కితే క్షణం ఆగకుండా చెప్పాలి అన్నారు. నాకూ చెప్పారు, మా ఆవిడకీ చెప్పారు. నాకు చెప్పి లాభం లేదని తెలిసినట్టు ఆవిడకి రెండోసారి చెప్పారు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి మంచం మీద మా ఆవిడ నాకు ఇడ్లీ తుంపి పెడుతోంది. పై పెదవి మీద చీమలు పాకుతున్నట్టు అనిపించింది.

"మూతి తిమ్మిరెక్కుతోందే" అన్నాను.

ఇలాంటి మాటతో, ఇలాంటి ముఖంతో నేను మొదలుపెట్టిన కథలు ఆవిడ ఈపాటికి ఎన్ని వినలేదు. దేనికైనా ఒక నవ్వు సిద్ధంగా పెట్టుకుని తరవాతి ముక్క కోసం చూసే మనిషి. ఇప్పుడు చూడలేదు. ఇడ్లీ ప్లేటు నా పొట్ట మీదే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా, సిస్టర్ గారండీ అంటూ వరండాలోకి పరుగెత్తింది.

నా దగ్గర నిజంగానే తరవాతి ముక్క ఒకటుంది. మంచిది. చెబుదామంటే గదిలో మనిషి లేదు. సిస్టరు వచ్చి, చేతికి సూది గుచ్చి, కాల్షియం ఎక్కించడం మొదలుపెట్టేసరికి మరిచిపోయాను. ఇప్పటికీ గుర్తు రాలేదు.