ఆరు లైన్ల హాలీవుడ్

ఆఫీసులో ఆయన్ని అందరూ తెలుసాగారు అంటారు. పత్రిక సినిమా పేజీలో కుడివైపు అడుగున కనిపించే ‘మీకు తెలుసా?’ డబ్బా ఇరవై రెండేళ్లుగా ఆయనదే. డబ్బాకు ఆరు లైన్లు. ఏడో లైను రాస్తే పేజీ పెట్టేవాళ్లు చదవకుండా కింది నుంచి కోసేస్తారు. ముఖ్యమైనది పైనే ఉంటుందని పత్రికల్లో గట్టి నమ్మకం.

తెలుసాగారు హాలీవుడ్ ముఖం చూడలేదు. చూసిందల్లా పాత పత్రికల గుట్ట, అట్టలూడిన రెండు విజ్ఞాన సర్వస్వాలు.

నిజాలు రాసినన్నాళ్లూ ఆయనకు తిట్లే వచ్చాయి. నలుపు తెలుపు సినిమాల్లో రక్తానికి చాక్లెట్ సిరప్ వాడిన సందర్భాలున్నాయని రాస్తే, ‘పాఠకులు పిచ్చివాళ్లా?’ అని ఉత్తరం. కొండమీది హాలీవుడ్ అక్షరాలు మొదట ఇళ్ల స్థలాలు అమ్ముకోవడానికి పెట్టిన బోర్డని రాస్తే, ఒక రిటైర్డ్ ఇంజనీరు ఆఫీసుకొచ్చి మరీ పోట్లాడాడు. ప్రపంచ యుద్ధంలో లోహం కరువై ఆస్కార్ బొమ్మల్ని ప్లాస్టర్‌తో చేశారని రాసిన రోజు ఎడిటరే, “కాస్త నమ్మేట్టు రాయవయ్యా,” అన్నాడు.

నమ్మేట్టు రాసింది ఒక్కసారే. పన్నెండేళ్ల క్రితం ఒక సెలవు రోజు, వంటింటి బల్ల ముందు బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు. నాలుగింటికల్లా డబ్బా నిండాలి. ఎదురుగా భార్య ఉల్లిపాయలు కోస్తూ ముక్కు ఎగబీలుస్తోంది.

“ఈ ఏడుపుకి ఎవరైనా జీతమిస్తే బాగుండు,” అంది.

మూకీల కాలంలో ఒక హాలీవుడ్ స్టూడియో, హీరోయిన్లకు కన్నీళ్లు తెప్పించడానికి ఉల్లిపాయలు కోసే మనిషిని జీతమిచ్చి పెట్టుకుందని ఆయన రాసేశాడు. నమ్మకం కుదరడానికి, ఆ మనిషికి కళ్లద్దాలు స్టూడియోవాళ్లే ఇచ్చారని చేర్చాడు. సరిగ్గా ఆరు లైన్లు.

ఒక్క ఉత్తరం రాలేదు. నాలుగేళ్లు తిరక్కుండా ఆ సంగతి ఒక క్విజ్ పుస్తకంలోకి ఎక్కింది.

భార్య పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. ఊరి గ్రంథాలయం ఏటా పెట్టే క్విజ్‌లో వరసగా మూడేళ్లు రెండో స్థానం ఆమెదే. మొదటి స్థానం సొంత అక్కది. అక్కగారింట్లో కప్పు టీవీ మీదుంటుంది. చెల్లెలు వెళ్లినప్పుడల్లా దాన్ని తుడవాలని ఆవిడకు గుర్తొస్తుంది.

ఈసారి చివరి ప్రశ్న దాకా ఇద్దరూ సమానం. కప్పు ఇంటికి రావడానికి ఒక్క జవాబు చాలు. ప్రశ్నలడిగే రిటైర్డ్ హెడ్మాస్టరు పుస్తకం తెరిచాడు.

“మూకీల కాలంలో ఒక హాలీవుడ్ స్టూడియో ఉల్లిపాయలు కోయడానికి మనిషిని పెట్టుకుంది. ఎందుకు?”

తెలుసాగారి భార్య ముందు గంట కొట్టింది. “ఎవర్నీ పెట్టుకోలేదండీ.”

“అలా కాదమ్మా. ఎందుకు పెట్టుకున్నారో చెప్పాలి.”

“పెట్టుకుంటే కదా చెప్పడానికి? అది మా ఆయన కల్పించింది. ఉల్లిపాయలు నావి.”

హాలు గొల్లుమంది. అక్క గంట కొట్టింది. “హీరోయిన్ల కన్నీళ్ల కోసం. మా మరిదిగారి పేపర్లోనే చదివాను.” ఆ పేపరు అల్మరాలో పరచడానికి తప్ప పనికిరాదని ఇన్నేళ్లుగా అంటున్నది ఈవిడే.

అందరూ తెలుసాగారు కూర్చున్న మూడో వరస వైపు తిరిగారు. లేస్తే ఉద్యోగం పోతుంది, కూర్చుంటే కాపురం. తెలుసాగారు లేచాడు.

“నిజమే మాస్టారూ. అది నేను అల్లిందే.”

“ఆధారం?”

“నేనేనండీ ఆధారం.”

హెడ్మాస్టరు పుస్తకం పైకెత్తి చూపించాడు. “ఇది అచ్చయింది. నాలుగో ముద్రణ. మీది నోటిమాట. మీ పేపర్లోనే తప్పని అచ్చేయించి వారంలోగా తెండి. కప్పు సంగతి అప్పుడు చూద్దాం.”

“మా చెల్లెలి మీద ప్రేమ ఉండొచ్చు మరిదిగారూ,” అంది అక్క, “మరీ ఇంతమందిలోనా!”

మర్నాడు ఎడిటరు తల పట్టుకున్నాడు. “పన్నెండేళ్లుగా ఎవరూ అడగలేదు కదయ్యా! నీకెందుకు దురద?”

“మా ఆవిడ కప్పండీ.”

“సరే ఏడువు. కానీ నీ డబ్బాలోనే. వేరే చోటివ్వను.”

ఇరవై రెండేళ్లుగా ఆరో లైను దగ్గర దానంతటదే ఆగే చెయ్యి ఆ రోజు ఆగలేదు. సంగతంతా పూసగుచ్చినట్టు రాసి, చివర క్షమాపణ చెప్పి, గుండె బరువు దిగిందనుకుని, లైన్లు లెక్కపెట్టకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.

పొద్దున పేపర్లో డబ్బా ఇలా ఉంది: ‘మూకీల కాలంలో ఒక హాలీవుడ్ స్టూడియో, హీరోయిన్ల కన్నీళ్ల కోసం ఉల్లిపాయలు కోసే మనిషిని పెట్టుకుందని, అతనికి కళ్లద్దాలు కూడా ఇచ్చిందని పన్నెండేళ్ల క్రితం ఇదే శీర్షికలో రాశాం. తర్వాత ఒక పుస్తకం కూడా ఈ సంగతిని ప్రచురించింది.’

అక్కడితో ఆరు లైన్లు అయిపోయాయి.

ఎనిమిది కాకుండానే అక్క ఫోన్ చేసింది. “మళ్లీ అచ్చేసి ఖాయం చేశారుగా మరిదిగారూ! హెడ్మాస్టరుగారికి నేనే చూపిస్తాలెండి. మీకెందుకు శ్రమ?”

భార్య డబ్బాను రెండుసార్లు చదివింది.

“కోసేసిన లైన్లలో ఏముంది?”

“అది అబద్ధమని.”

“ఆ ముక్క ముందే రాయొచ్చుగా?”

“సంగతేమిటో చెప్పకుండా అబద్ధమని ఎలా చెప్తాం?”

ఆమె కత్తిపీట ఆయన ముందుకు జరిపి, పక్కన ఉల్లిపాయల బుట్ట పెట్టింది.

“కోయండి. ఆ మనిషి ఉన్నాడని ఊరంతా నమ్ముతోంది. ఎవరో ఒకరు ఉండాలి కదా.”

“మరి కళ్లద్దాలు?”

“స్టూడియోవాళ్లని అడగండి,” అని ఆమె పోస్టాఫీసుకు బయల్దేరింది.